పాత చర్చి కప్పు కారుతోంది, ఖాతాలో పైసల్లేవు: మరమ్మతుకు డబ్బు ఎలా కూడగట్టాలి?

వానాకాలం మొదలైందంటే నాకు ఇవే ఫోన్లు. "అన్నా, మా చర్చి కప్పు కారుతోంది. తాతల కాలం నాటి కట్టడం. సంఘం ఖాతాలో ఇరవై వేలు కూడా లేవు. ఎవర్ని అడగాలి?" ఒకరు జనగామ వైపు నుంచి, ఒకరు జగిత్యాల నుంచి, నిన్న ఒకరు పరకాల నుంచి. అందరిదీ ఒకటే ప్రశ్న కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నాను. నేను ఇంజినీరును కాను, ఆడిటర్‌ను కాను. మా సంఘానికి ట్రెజరర్‌గా చేశాను. ఒకసారి డబ్బు కూడగట్టబోయి బాగా దెబ్బ తిన్నాం, రెండోసారి కప్పు మార్చాం. రెండింటి నుంచీ నేర్చుకున్నదే ఇది.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- ఐదుగురు మనుషులు. ఒక మేస్త్రీ పని తెలిసినవారు, ఒక లెక్కల మనిషి, స్త్రీల సమాజం నుంచి ఒకరు, యూత్ నుంచి ఒకరు, ఊళ్లో అందరితో మాట కలిసే పెద్దమనిషి ఒకరు. ఐదుగురూ ఒకే ఇంటివాళ్లు, ఒకే గ్రూపువాళ్లు కాకూడదు.
- చర్చి పేరు మీద, ఈ పనికి మాత్రమే వాడే బ్యాంకు ఖాతా. కనీసం ఇద్దరి సంతకాలు.
- నంబర్లు అచ్చు వేసిన రసీదు పుస్తకాలు. ఏ పుస్తకం ఎవరి చేతికి ఇచ్చారో రాసుకునే చిట్టా.
- ఆస్తి కాగితాల నకలు, పైవారి అనుమతి పత్రం.
- ఫోన్‌తో తీసినవే అయినా సరే, తేదీతో ఉన్న ఫొటోలు. కారే చోట, పగిలిన చోట, చెద తిన్న చోట.

ఫ్లెక్సీలు ఈ జాబితాలో లేవు, చూసుకోండి.

1. డబ్బు అడిగే ముందు నీళ్లు ఆపండి

ఇది కొన్ని వేలల్లో అయ్యే పని. కప్పు మీద చెత్త, ఆకులు తీయించండి. కాలువలు, వాన గొట్టాలు పూడుకుపోయి ఉంటే శుభ్రం చేయించండి. మరీ కారే చోట టార్పాలిన్ కప్పి తాళ్లతో కట్టండి. గోడ అడుగున నీళ్లు నిలవకుండా చిన్న కాలువ తీయండి. గోడలో మొలిచిన రావి మొక్కను మాత్రం బలంగా లాగొద్దు. వేరుతో పాటు రాయి కూడా ఊడి వస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరు చావడానికి ఏం పెట్టాలో మేస్త్రీని అడిగి చేయండి.

ఈ చిన్న పనికి ఒక ఆదివారం, పది మంది యూత్ చాలు. దాని ఫొటోలే మీ మొదటి చందా కరపత్రం. "చేస్తాం, ఇవ్వండి" అనేవాళ్లకంటే "మొదలుపెట్టాం, చేయి కలపండి" అనేవాళ్లకు జనం త్వరగా ఇస్తారు.

2. కాగితం ఎవరి పేరు మీద ఉందో చూడండి

చర్చి మనది అనుకుంటాం, కాగితం మన పేరు మీద ఉండదు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆస్తులు సాధారణంగా సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరు మీద ఉంటాయి. కతోలిక విచారణ (స్థానిక సంఘం) అయితే మేత్రాసనం, అంటే బిషప్ గారి కార్యాలయం, చూసుకుంటుంది. బాప్టిస్టు సంఘాల్లో ఊరికో తీరు. పాస్టరేట్ కమిటీ (మీ సంఘం కమిటీ) తీర్మానం రాసి, ఎస్టిమేట్ జతచేసి, డయాసిస్ (బిషప్ గారి కింద ఉండే పై కార్యాలయం) నుంచి మరమ్మతుకూ చందా వసూలుకూ రెండింటికీ రాతపూర్వక అనుమతి తీసుకోండి. "పాస్టర్ అయ్యగారు ఫోన్‌లో సరే అన్నారు" అనేది పనికిరాదు. అయ్యగారు రేపు ట్రాన్స్‌ఫర్ అవుతారు.

ఆస్తి మీద కోర్టు కేసు ఉంటే, ఆ మాట దాతలకు ముందే చెప్పండి. తర్వాత వాళ్లకు తెలిస్తే ఇచ్చినవాళ్లు కూడా తిరిగి అడుగుతారు.

3. రోగం ఏమిటో తేల్చండి

ఎక్కువమంది ఈ మెట్టు దాటేసి నేరుగా చందాలకు పోతారు. ఎంత కావాలో తెలియకుండా అడిగితే ఇచ్చేవాళ్లకూ ఎంత ఇవ్వాలో తెలియదు.

మీరే చేసుకోగల పరీక్షలు మూడున్నాయి. గోడ పూత మీద వేలి కణుపుతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసింది. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. సులువుగా దిగితే లోపల పుచ్చింది లేదా చెద పట్టింది. దూలాలు పాడయ్యేది ఎక్కువగా ఆ కొసల దగ్గరే, నడుమ బాగున్నట్టే కనిపిస్తాయి. ఇక పగులు. దాని మీద అడ్డంగా సన్నని గాజు ముక్కను రెండు కొసలా అతికించి పక్కన తేదీ రాయండి. రెండు మూడు నెలల్లో గాజు విరిగితే పగులు ఇంకా కదులుతోందని అర్థం. అప్పుడు పూతలు పూసి లాభం లేదు, పునాది చూడాలి.

ఆ తర్వాత తెలిసినవారిని పిలవండి. వరంగల్ ఎన్‌ఐటీలో సివిల్ విభాగం ఉంది. పాత కట్టడాల సంరక్షణ చూసే ఇంటాక్‌కు వరంగల్‌లో చాప్టర్ ఉంది. ఉత్తరం రాసి, ఫొటోలు పెట్టి, సలహా అడగండి. కనీసం అనుభవం ఉన్న ఒక ఇంజినీరు సంతకంతో ఎస్టిమేట్ ఉండాలి. పెద్ద దాతలు మొదట అడిగేది అదే.

హెచ్చరిక: పాత గోడలు చాలావరకు సున్నంతో కట్టినవి. వాటి మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది. కొన్నేళ్లలో పూత పెచ్చులుగా ఊడుతుంది, ఊడుతూ రాయి పొరను కూడా తీసుకుపోతుంది. సున్నం పూతకు సున్నమే. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గానీ, కోటలు, పాత గుళ్ల మరమ్మతుల్లో పని చేసినవాళ్లు వరంగల్ చుట్టుపక్కల వెతికితే దొరుకుతారు. "మొత్తం కూలగొట్టి స్లాబ్ వేద్దాం" అనేవారు ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. మరమ్మతు ఖర్చు, కొత్త కట్టడం ఖర్చు పక్కపక్కన రాసి వారి ముందు పెట్టండి. చాలాసార్లు ఆ కాగితమే వాదన ముగిస్తుంది.

4. లెక్కను ముక్కలు చేయండి

ఉదాహరణకు ఇలా (ఇవి ఊహ రేట్లు, మీ ఊరి రేట్లు వేసుకోండి): కప్పు 6,50,000, గోడల సున్నం పని 2,80,000, తలుపులు కిటికీలు 1,50,000. మొత్తం 10,80,000. దానికి అనుకోని ఖర్చు పది శాతం, అంటే 1,08,000 కలపండి. పాత కట్టడంలో కప్పు విప్పాక ఏం బయటపడుతుందో దేవునికే తెలుసు. సుమారు 12 లక్షలు అనుకుందాం.

"12 లక్షలు కావాలి" అంటే ఊరంతా నోరు వెళ్లబెడుతుంది. 150 ఇళ్లున్న సంఘమైతే తలా 8,000 అని కొందరు లెక్క కడతారు. అదీ తప్పే. కూలీకి పోయే ఇంటికి 8,000 మోయలేని బరువు, గవర్నమెంటు టీచర్‌కు అది చిన్న మొత్తం. ఇలా నిచ్చెన వేయండి:

- లక్ష ఇచ్చేవారు ఇద్దరు: 2 లక్షలు
- యాభై వేలు ఇచ్చేవారు ఆరుగురు: 3 లక్షలు
- ఇరవై వేలు ఇచ్చేవారు పదిహేను మంది: 3 లక్షలు
- పది వేలు ఇచ్చేవారు ముప్పై మంది: 3 లక్షలు
- వెయ్యి ఇచ్చేవారు వంద మంది: 1 లక్ష

ప్రతి మెట్టు పక్కన పెన్సిల్‌తో పేర్లు రాయండి. పై రెండు మెట్లకు పేర్లు దొరకలేదంటే 12 లక్షల మాట పక్కన పెట్టి కప్పు ఒక్కటే మొదలుపెట్టండి. ఆపైన వస్తువుకు పేరు పెట్టి అడగండి: ఒక దూలం, వంద పెంకులు, ఒక కిటికీ. "చందా ఇవ్వండి" అంటే వంద ఇచ్చే మనిషి "ఒక కిటికీ మీది" అంటే ఆలోచనలో పడతాడు.

5. మొదట మన సంఘంలోనే

సంఘం ఇవ్వకముందే బయటకు పోతే, బయటివాళ్లు మొదట అడిగేది "మీవాళ్లు ఎంత వేశారు?" అని. కమిటీ ఐదుగురూ ముందు వేయాలి, ఆ ఐదు రసీదుల నంబర్లు ఆదివారం చదవాలి.

ఎప్పుడు అడగాలన్నది ఎలా అడగాలన్నంత ముఖ్యం. పత్తి, వానాకాలం వడ్లు అమ్మిన పైసలు నవంబర్ నుంచి జనవరి వరకు చేతిలో ఆడతాయి. యాసంగి డబ్బు ఎండాకాలంలో వస్తుంది. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి వైపు సింగరేణి కుటుంబాలకు దసరా, దీపావళి దగ్గర లాభాల వాటా, బోనస్ వస్తాయి. కాజీపేట రైల్వేవాళ్లకు దసరాకు ముందు బోనస్. జూన్‌లో మాత్రం ఎవరి గడపా తొక్కొద్దు. విత్తనాలు, ఎరువులు, స్కూల్ ఫీజులు అన్నీ అప్పుడే.

ఇంటింటికీ ఇద్దరిద్దరుగా వెళ్లండి, ఒక్కరుగా వద్దు. రసీదు అక్కడే రాసి ఇవ్వండి. మాట ఇచ్చినవారికి ఎన్ని వాయిదాల్లో, ఏ నెలలో అన్నది రాయించుకోండి.

పైసలు లేనివాళ్లను వదిలేయకండి. గుప్పెడు బియ్యం పద్ధతి మన సంఘాలకు కొత్తేమీ కాదు; వంట ముందు ఒక గుప్పెడు పక్కన పెట్టి నెలకోసారి తెస్తారు. కోత పండుగలో వచ్చిన కోడి, గుమ్మడికాయ, వడ్ల బస్తా వేలం పాట పాడితే మార్కెట్ ధరకు రెండింతలు కూడా వస్తుంది. శ్రమదానాన్ని కూడా లెక్కలో రాయండి. మెదక్ కెథడ్రల్ కరువు రోజుల్లో, పనికి వచ్చినవాళ్లకు తిండి పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించినదే. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. పదేళ్ల పని. మీది పది నెలల్లో కాలేదని బాధపడకండి.

మా ఊళ్లో ఒక అవ్వ ఇంటికి పోయాం. కొంగు ముడి విప్పి ఐదు వందల నోటు ఇచ్చింది. పేరు రాయబోతే చేయి పట్టుకుంది. "నా పేరు గాదు బిడ్డా, మా ముసలాయన పేరు రాయి. ఆ దూలాలు బండ్ల మీదికెల్లి దించినోళ్లల్ల ఆయన ఉండె." ఆ మాట నేను ఆదివారం సంఘంలో చెప్పాను. మరో నాలుగు ఇళ్లవాళ్లు "మా తాత కూడా" అంటూ లేచారు. అప్పటినుంచి ఏ ఇంటికి పోయినా ముందు ముసలివాళ్లతో కూర్చుని, చర్చి కట్టిన రోజుల సంగతి అడిగి రాసుకున్నాం. చందా అడగడానికి అంతకంటే మంచి కాగితం మా దగ్గర ఇంకోటి లేకపోయింది.

6. తర్వాత బయట ఉన్నవాళ్లు

బయటివాళ్లంటే క్రైస్తవులే కానక్కర్లేదు. మిషన్ బడిలో చదివినవాళ్లు, మిషన్ ఆస్పత్రిలో పుట్టినవాళ్లు ఊరినిండా ఉంటారు. క్రిస్మస్ నాడు మెదక్ వెళ్లి చూడండి, వరుసలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ (1939 జనవరి 6న ప్రతిష్ఠ) కట్టించింది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అజరయ్య గారు. దానిలో గుడి పోకడ, మసీదు పోకడ రెండూ కలిసి ఉంటాయి. మీ చర్చికీ ఊరితో అలాంటి చుట్టరికం ఏదో ఉంటుంది. దాన్ని ఒక పేజీలో రాసి, రెండు ఫొటోలు, ఎస్టిమేట్, ఖాతా నంబర్ పెట్టి వాట్సాప్‌లో పంపండి. ఒక పేజీయే. పది పేజీల పీడీఎఫ్ ఎవరూ తెరవరు.

ఇక విదేశీ డబ్బు. ఇక్కడ తప్పు చేస్తే చర్చితో పాటు మీరూ చిక్కుల్లో పడతారు.

- దుబాయ్, మస్కట్, సౌదీల్లో ఉన్న మనవాళ్లు భారత పాస్‌పోర్టుతోనే ఉంటారు. వారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం లెక్కలో విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు ఒకటి తీసుకుని ఫైల్‌లో పెట్టండి.
- అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వారి దగ్గర తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి.
- "డయాసిస్‌కు ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది కదా, అక్కడ వేయించి ఇటు తెప్పించుకుందాం" అనే ఆలోచన వద్దు. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళం మరో సంస్థకు మళ్లించకూడదు. మీ చర్చి ఆ సంస్థలో భాగమే అయితే, పని ఖర్చును వాళ్లే నేరుగా పెట్టాలి. ముందు వారి ఆడిటర్‌ను అడగండి.

"మామయ్యా, ఇండియాలో మా నాన్న ఖాతాలో వేస్తా, ఆయన మీకు ఇస్తాడు" అని ప్రేమగానే అంటారు. వద్దని చెప్పండి.

7. ప్రభుత్వం, కంపెనీలు, పన్ను

ఎంపీ లాడ్స్ (ఎంపీలకు నియోజకవర్గ పనుల కోసం ఇచ్చే నిధులు) కోసం తిరగకండి. ప్రార్థనా స్థలాల లోపలి పనులకు ఆ నిధులు వాడకూడదని మార్గదర్శకాల్లోనే ఉంది. జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారి ఆఫీసుకు వెళ్లి, చర్చి మరమ్మతులకు ఈ ఏడాది దరఖాస్తులు తీసుకుంటున్నారా అని అడగండి. తీసుకుంటే కాగితాలు పెట్టండి. మంజూరు అయ్యి ఖాతాలో పడేదాకా ఆ డబ్బును లెక్కలో వేయకండి. వేదిక మీద నాయకులు ప్రకటించిన లక్షలకూ ఇదే సూత్రం.

కంపెనీల సీఎస్‌ఆర్ నిధులు (సమాజం కోసం కంపెనీలు ఖర్చు చేసే డబ్బు) మత కార్యక్రమాలకు రావు. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ మాత్రం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో ఉంది. అంటే మీ కట్టడానికి చారిత్రక విలువ ఉందని నిపుణుల రిపోర్టుతో చూపించగలగాలి, సీఎస్‌ఆర్-1 నమోదు (ఆ నిధులు తీసుకోవడానికి సంస్థలు చేసుకునే రిజిస్ట్రేషన్) ఉన్న సంస్థ ద్వారా రావాలి. చిన్న ఊరి చర్చికి ఇది దూరపు దారి. ఏడాది ఓపిక ఉంటేనే పట్టుకోండి.

"80జి వర్తిస్తుంది" అని రసీదు మీద ఊరికే అచ్చు వేయొద్దు. మామూలు చర్చి చందాకు పన్ను మినహాయింపు రాదు. చారిత్రక, కళా ప్రాముఖ్యం ఉందని లేదా రాష్ట్రమంతా పేరున్నదని కేంద్రం నోటిఫై చేసిన ప్రార్థనా స్థలాల మరమ్మతుకు ఇచ్చిన దానిలోనే, పరిమితికి లోబడి సగానికి మినహాయింపు. 2,000 దాటి నగదుగా ఇస్తే అదీ లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు. ఒక మనిషి నుంచి ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం నేరుగా నిషేధం.

8. మడిగెలు (దుకాణాల గదులు), అప్పులు

రోడ్డు పక్కన చర్చి స్థలం ఉంటే ఎవరో ఒకరు వస్తారు: "మడిగెలు కడదాం, అడ్వాన్సులతో కప్పు వేసేద్దాం." అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, ఆదాయం కాదు. డయాసిస్ అనుమతి లేని లీజు చెల్లదు, ఆ కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి. నెలనెలా వచ్చే కిరాయితో నిర్వహణ ఖర్చు చూసుకోవాలంటే, ముందు కాగితాలు చేసుకుని తీరిగ్గా చేయండి. కప్పు కారుతున్న టెన్షన్‌లో చేయాల్సిన పని కాదు. ఫైనాన్స్ అప్పు మాట ఎత్తినవారికి టీ ఇచ్చి పంపించండి.

9. పని మొదలయ్యాక

కప్పు విప్పే పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి మే లోపు ముగించండి. కప్పుకు సరిపడా డబ్బు చేతికి రాకముందు ఒక్క పెంకు కూడా తీయొద్దు. మూడు కొటేషన్లు తీసుకోండి. మేస్త్రీకి వాయిదాల్లో ఇవ్వండి, చివరి పది శాతం ఆపుకోండి. ప్రతి నెల మొదటి ఆదివారం ద్వారం దగ్గర ఒక కాగితం అతికించండి: వచ్చింది, పోయింది, మిగిలింది.

మేం చేసిన తప్పులు, మీరు చేయొద్దు

మొదటిసారి మేం పెద్ద మీటింగ్ పెట్టాం. టెంటు, మైకులు, ఫ్లెక్సీలు, వచ్చినవాళ్లందరికీ బిర్యానీ. వేదిక మీద ప్రకటించిన మొత్తం వింటే కప్పుతో పాటు గోపురం కూడా అయిపోతుందనిపించింది. ఖర్చులు పోగా ఆ రోజు మిగిలింది సున్నం బస్తాలకు సరిపోయేంత. ప్రకటించినవాళ్లలో సగం మంది తర్వాత ఫోన్ ఎత్తలేదు. దానికి తోడు క్యూఆర్ కోడ్ మా కమిటీ సభ్యుడి సొంత నంబర్‌ది. ఆయన ఒక్క రూపాయి తినలేదు. అయినా ఆయన ఇంటి ఖర్చులు, చర్చి పైసలు ఒకే ఖాతాలో కలిసిపోయాయి, విడదీసి చూపలేకపోయాడు. ఆరు నెలలు మాటల్లేవు. ఆయన ఇప్పటికీ వెనక బెంచీలో కూర్చుంటాడు.

ఇంకొన్ని త్వరగా. దాతల పేర్ల గ్రానైట్ పలకలు పాత గోడకు మేకులు కొట్టి పెట్టకండి; ఒక రిజిస్టరు చాలు. "ఇస్తే దీవెన, ఇవ్వకపోతే శాపం" అని భయపెట్టి తీసుకోకండి. కప్పు కోసం తీసుకున్న పైసలతో సౌండ్ సిస్టం కొనకండి, ఎంత అవసరమైనా సరే.

సరిగ్గా జరుగుతోందా, ఎలా చూడాలి?

నెలకోసారి రసీదు కౌంటర్లు (పుస్తకంలో మిగిలే సగం ముక్కలు) కూడండి, పాస్‌బుక్‌తో పోల్చండి. రూపాయి తేడా వచ్చినా ఆ రోజే తేల్చండి. వాడని రసీదు పుస్తకాలు అన్నీ తిరిగి వచ్చాయా చూడండి. ఒక్కటి కనపడకపోయినా ఆ నంబర్లు చెల్లవని సంఘంలో ప్రకటించండి. మాట ఇచ్చినదానిలో మూడు నెలల్లో సగం కూడా రాకపోతే కొత్తవాళ్లను అడగడం ఆపి, పాతవాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లండి. పని ముగిశాక కమిటీలో లేని వ్యక్తితో లెక్క తనిఖీ చేయించి డయాసిస్‌కు ఒక కాపీ పంపండి.

కప్పు సంగతి మొదటి గట్టి వాన తేలుస్తుంది. వాన పడుతుండగానే టార్చి పట్టుకుని లోపలికి వెళ్లండి. గోడలోకి దూలాలు దూరే చోట, కిటికీల పైన, బలిపీఠం వెనక మూలల్లో చూడండి. చెమ్మ కనిపించిన చోటల్లా చాక్‌పీస్‌తో చుట్టూ గీసి తేదీ వేయండి. మర్నాడు మేస్త్రీని పిలిచి ఆ గీతలు చూపించండి. ఆపుకున్న పది శాతం ఆ తర్వాతే ఇవ్వండి.